అడ్మిన్లు మాత్రమే మాట్లాడగలరు

ఈ ఫిబ్రవరిలో ఒక సోమవారం నేను కూడా ఈ నగర ప్రజల్లో ఒకణ్ణని అధికారికంగా తేలింది. ఫోన్ టింగుమంటే చూశాను. నీళ్ళాఫీసు వాళ్ళు కాలనీకొక వాట్సాప్ గ్రూపు పెట్టి, మా హనుమకొండ కాలనీ గ్రూపులో నన్ను చేర్చారు. పేరు 'మన నల్లా, మన భాగస్వామ్యం'. బొమ్మలో రెండు చేతులు, వాటి మధ్య భూగోళం, దాని మీదికి ఒకే ఒక్క చుక్క (చుక్క విషయంలో మాత్రం నిజాయితీగానే ఉన్నారు). ఇన్నేళ్ళుగా నల్లా బిల్లు కడుతున్నా ఎన్నడూ దక్కని మర్యాద. సంబరం ఆగక "సార్, నిన్న రాలేదు, ఇవాళన్నా వస్తాయా?" అని రాయబోయాను. రాసే చోట డబ్బా లేదు. దాని బదులు బూడిద రంగు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు.

భాగస్వామ్యంలో భాగం వాళ్ళది, 'స్వామీ' అని దండం పెట్టడం మనది.

తొందరపడి తప్పు పట్టకండి, ఇది చాలా పెద్ద సంస్కరణ. ఇదివరకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు కాదు, మనకు కోపం వచ్చేది, వాళ్ళకు చెడ్డపేరు వచ్చేది. ఇప్పుడు మనం అడిగే వీలే లేదు కాబట్టి జవాబివ్వలేదన్న మాట పుట్టదు. ఇక గ్రూపులో ఏమొస్తాయంటే, ఉగాది శుభాకాంక్షలు వస్తాయి. మార్చి 22న ప్రపంచ నీటి దినోత్సవ శుభాకాంక్షలు వస్తాయి, ఆ రోజు నల్లాలో గాలి వచ్చింది. పెద్ద సారు ఫిల్టర్ బెడ్‌ను ఆకస్మిక తనిఖీ చేసిన ఫోటోలు వస్తాయి, తనిఖీ ఆకస్మికమే గానీ శాలువా, బొకే మాత్రం ముందే వచ్చి నిలబడ్డాయి. బకాయిలుంటే కనెక్షన్ కట్ చేస్తామనే హెచ్చరిక వారం వారం తప్పకుండా వస్తుంది. రానిది ఒక్కటే, నీళ్ళు ఎన్నింటికి వదులుతారన్న కబురు.

ఏప్రిల్‌లో ఆ గ్రూపులోనే పిలుపొచ్చింది. 'నీటి పొదుపుపై ప్రజా అవగాహన సదస్సు', ఉదయం 11 గంటలకు, మా కాలనీ పక్కనున్న ఫంక్షన్ హాల్లో. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళను సంపు లోంచి చెంబుతో తోడుకునే జనానికి పొదుపు నేర్పుతామంటే, ఉపవాసం ఉన్నవాడికి తిండి తగ్గించమని చెప్పినట్టు ఉంటుందని నేను అనను. వెళ్ళాను. మా సంఘాల ఆడవాళ్ళను పదిన్నరకే తెచ్చి కూర్చోబెట్టారు. సారు వాళ్ళు పన్నెండు దాటాక వచ్చారు. వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది మంది ముందూ తొమ్మిది ప్లాస్టిక్ సీసాలు. సొంత నల్లా నీళ్ళు ఒక గ్లాసులో పట్టి బల్ల మీద పెట్టే ధైర్యం తొమ్మిది మందిలో ఒక్కరికీ లేకపోయింది. పెద్ద సారు సీసా మూత తీసి, రెండు గుక్కలు తాగి, మిగిలినది పక్కకు నెట్టి, "ప్రతి నీటి బొట్టూ..." అని మొదలుపెట్టాడు.

తెర మీద బొమ్మలు. మొదటిది కాకతీయుల చెరువులు. రామప్ప, లక్నవరం, గణపతిదేవుడి కాలం నాటి పాకాల. "మనం వాళ్ళ వారసులం" అన్నాడు సారు. నిజమే. ఎనిమిది వందల ఏళ్ళ కింద కట్టిన పాకాల కట్ట కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి, మా సందులో మొన్న మొన్న వేసిన పైపు కింద కూడా రోడ్డంతా పారుతోంది. ఆ మాత్రం పోలిక చాలు వారసులమనడానికి.

రెండో బొమ్మలో బ్రష్షు, దాని కింద 'పళ్ళు తోముకునేటప్పుడు నల్లా కట్టేయండి'. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచింది. "బిడ్డా, మేం పండ్లు తోముకునే యాళ్ళకు నల్లా మీరే కట్టేస్తున్రు గదా, మళ్ళ మేమేం కట్టాలె?" సారు నవ్వి, ప్రశ్నలు చివర్లో అన్నాడు.

ఆ చివర రాలేదు. ముసలమ్మ కూర్చుందో లేదో వెనక వరసలో ఎవరిదో ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్‌లో ఉన్నట్టుంది, పిల్లవాడి గొంతు హాలంతా వినబడింది. "అమ్మా, నల్లా వచ్చింది!" అంతే. నూటయాభై కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. అది మా వంతు రోజే కాదు, పైగా మిట్టమధ్యాహ్నం, అయినా ఆగి ఆలోచించేదెవరు? కొంగు నడుముకు చుట్టుకుంటూ ఒకరు, చెప్పులు చేతపట్టుకుని ఒకరు, పంచుతున్న మిక్చర్ పొట్లాల బుట్టలోంచి పోతూ పోతూ రెండు లాక్కుని ఒకరు. మోకాళ్ళ నొప్పులని పట్టుకుని నడిపిస్తే తప్ప రానన్న ముసలమ్మ అందరికంటే ముందు గేటు దాటింది. వేదిక మీద చివరి కుర్చీలో మా కాలనీలోనే అద్దెకుండే చిన్న సారు ఒకాయన ఉన్నాడు, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని దిగిపోయాడు, పాపం వాళ్ళింట్లో మోటార్ వేయడానికి ఎవరూ లేరు. పెద్ద సారు మైకులో "దయచేసి కూర్చోండి, ఇంకా పద్నాలుగు స్లైడ్లున్నాయి" అంటున్నాడు. హాల్లో మిగిలింది ఎనిమిది మంది అధికారులు, ఫోటోగ్రాఫరు, నేను, చెవులు వినబడని ఒక తాత. తాత చప్పట్లు కొట్టాడు.

తర్వాత తెలిసింది. మీటింగులో నీళ్ళు రావట్లేదని ఎవరన్నా అడుగుతారేమోనన్న భయంతో, ఆ పూటకు మా లైను వాల్వ్ తిప్పించింది ఆఫీసువాళ్ళేనట. మర్నాడు గ్రూపులో ఫోటో వచ్చింది. కుర్చీల్లోంచి లేస్తున్న జనం, కింద వాక్యం: 'సదస్సుకు విశేష స్పందన, లేచి నిలబడి హర్షం తెలిపిన మహిళలు'.

లెక్కల్లో కూడా మనవాళ్ళు తక్కువ తినలేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో నగరాల నీటి సరఫరాకు ప్రమాణాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలి, 24 గంటలూ ఇవ్వాలి, లెక్కకు రాకుండా పోయే నీళ్ళు 20 శాతం దాటకూడదు, ఫిర్యాదుల్లో 80 శాతం పరిష్కరించాలి. మా ఇంట్లో నలుగురం, అంటే 540 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెతో 36 బిందెలు. మొదటి మూడూ చేయాలంటే రోడ్లు తవ్వాలి, పైపులు మార్చాలి, మీటర్లు పెట్టాలి. నాలుగోది కుర్చీలోంచి లేవకుండా చేయొచ్చు. నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని పొద్దున యాప్‌లో ఫోటోతో సహా ఫిర్యాదు పెట్టాను. మూడు గంటల్లో మెసేజ్ వచ్చింది, 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది'. బకెట్లోకి తొంగి చూశాను. అడుగున వేలెడు మడ్డి, పైన ఎండుటాకు ముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. నిజమే, వాళ్ళు బాగుచేస్తామన్నది ఫిర్యాదును, నీళ్ళను కాదు.

రంగు చూసి నవ్వుకుంటాం సరే, వాసనొస్తే ఏం చేయాలి? రోజు విడిచి రోజు నీళ్ళొదిలే పైపులో మిగతా సమయమంతా ప్రెషర్ ఉండదు. పగుళ్ళున్న చోట పక్కనున్న మోరీ నీళ్ళు మెల్లగా లోపలికి దిగుతాయి. పైగా మేమందరం పోటీపడి మోటార్లు బిగించి లాగుతాం, దాంతో ఇంకాస్త దిగుతాయి, అందులో మా తప్పు ఉంది. నల్లా చివర లీటరు నీళ్ళలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది. దాన్ని చూడడానికి ల్యాబ్ అక్కర్లేదు, నీళ్ళలో మందు రెండు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉందో లేదో రంగు చెబుతుంది. ఆ చుక్కలు వేయడానికి మా సందులోకి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఎవరన్నా వచ్చారా?

మా వెనక వీధిలో ఏడో తరగతి చదివే పిల్ల ఈ ఎండాకాలం పచ్చకామెర్లతో ఇరవై రోజులు మంచం దిగలేదు. వాళ్ళమ్మ సీసాలో నల్లా నీళ్ళు పట్టుకుని నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కింది. నాలుగోసారి సీసా వైపు చూడకుండానే ఒకాయన అన్నాడట, "మరగబెట్టుకోవాలె గదమ్మా, మీకు అవగాహన లేదు." అవగాహన! నాలుగిళ్ళలో పాచిపని చేసి, గ్యాస్ బండ అయిపోతుందని రెండో కూర వండని మనిషికి మరగబెట్టడం గురించి అవగాహన లేదట. సిగ్గుండాలి. బిల్లు పట్టుకుని రావడానికి ఇల్లు తెలుస్తుంది, పిల్ల పడిపోతే ఆ ఇల్లు ఎక్కడుందో తెలియదు.

ఒడిశాలో పూరీని చూడండి. 2021లో ఆ ఊరికి 24 గంటలూ నల్లా దగ్గరే నేరుగా తాగే నీళ్ళిచ్చారు. అక్కడ పొదుపు సంఘాల ఆడవాళ్ళను జల్ సాథీలుగా పెట్టుకుని, ఇంటింటికీ తిరిగి నీళ్ళు పరీక్షించడం, మీటర్ చూడడం, బిల్లు వసూలు చేయడం వాళ్ళకే అప్పగించారు. మన దగ్గర సంఘాల ఆడవాళ్ళు ఏమన్నా తక్కువ ఉన్నారా? వాళ్ళతో కుర్చీలు నింపిస్తున్నాం. జనాన్ని కలుపుకోవడానికి చట్టం లేదనడానికీ లేదు, 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలు, యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదాంట్లో 15 మంది. మన వరంగల్ నగరంలోని 66 డివిజన్లకు లెక్కేస్తే 3,960 మంది. ఇంతమందిలో ఒక్కరిని చూసినవాళ్ళెవరన్నా ఉంటే చెప్పండి. గ్రూపులో చెప్పలేరనుకోండి.

మాకు తెలిసిన నీళ్ళాఫీసు ఒక్కడే. మా వాల్వ్ తిప్పే మనిషి. పాత సైకిలు, దాని కడ్డీకి కట్టిన పొడుగాటి ఇనుప తాళం, ఎడమ చేతికి బొబ్బలు. వెనకటికి చెరువు తూము దగ్గర ఏ పొలానికి ఎంత వదలాలో నీరటికి తెలిసినట్టు, ఏ సందు ఎత్తులో ఉంది, ఏ ఇంట్లో పెళ్ళుంది, ఎవరికి సంపు లేదు, అన్నీ ఇతనికి తెలుసు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, జీతం రెండు మూడు నెలలకోసారి. గ్రూపులో మాట్లాడే దారి లేక మా ఆడవాళ్ళు ముందు ఆ శుభాకాంక్షల కిందే బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. దండం పెడితే నీళ్ళొచ్చాయని, ఎర్ర మొహం పెడితే మురికని. ఆఫీసువాళ్ళు ఆ దండాలన్నీ లెక్కపెట్టి ప్రజాదరణ అని రాసుకున్నారు. విసుగొచ్చి మేమే ఇంకో గ్రూపు పెట్టుకున్నాం, అందులో అందరం మాట్లాడొచ్చు, వాల్వ్ అన్నే అడ్మిన్. పొద్దున నాలుగున్నరకు అతని గొంతు వచ్చేది. "అక్కా, రెండో సందు ఇడుస్తున్న, ముందు పది నిమిషాలు పట్టకున్రి, మురికొస్తది." రెండు నెలలు మాకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది.

పోయిన వారం అతనికి మెమో ఇచ్చారు. 'అనుమతి లేకుండా సరఫరా సమాచారం బయటికి ఇచ్చినందుకు సంజాయిషీ'. మంగళవారం పొద్దున మా గ్రూపులో అతను వెళ్ళిపోయాడన్న చిన్న గీత కనబడింది. అప్పటి నుంచి మా ఆడవాళ్ళు మళ్ళీ రాత్రి రెండింటికి అలారం పెట్టుకుంటున్నారు. మొన్న అలా లేచి చూస్తే నీళ్ళు రాలేదు గానీ పెద్ద గ్రూపులో మాత్రం ఒకటొచ్చింది, 'మీ అభిప్రాయం మాకు అమూల్యం' అని.