తిమింగలం దశావతారాల వరుసలో ఇమడదు

అమెరికాలోని మన తెలుగు సంఘాల వేడుకల్లో డార్విన్ మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు మత్స్య, కూర్మ, వరాహాలను ఏకరువు పెడతారు. ముందు నీటి జీవి, తర్వాత నీటా నేలా తిరిగేది, ఆపైన నేలమీది జంతువు, సగం మనిషి, పొట్టి మనిషి. ఇదంతా మనవాళ్లకు ఏనాడో తెలుసంటారు. చప్పట్లు మోగుతాయి, భోజనాలకు లేస్తారు. హాల్డేన్ అంతటి శాస్త్రవేత్త కూడా ఈ పోలిక చూపారని గుర్తుచేసేవారూ ఉంటారు. చూపిన మాట నిజమే. అయితే పోలికతో ఆగిపోయిన మనిషి కాదాయన. తరతరానికీ జన్యువుల పాళ్లు ఎలా మారతాయో లెక్కగట్టిన కొద్దిమందిలో ఒకరు. భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చిన ఆయన పేరును ఇంత చవగ్గా వాడుకోవడం నాకు నచ్చదు.

పురాణం మీద నాకు పేచీ లేదు. ముందే తెలుసనుకున్నవాళ్లు ఇక ఆధారాల వైపు చూడరు, అదీ నా బాధ. పైగా ఆ వరుస జీవం మెట్టుమెట్టుగా మనిషి దాకా ఎక్కి వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. జీవపరిణామానికి అలాంటి గమ్యం లేదు. వరాహం దాకా వచ్చాక మళ్లీ నీటిలోకి దిగిపోయిన వంశమూ ఉంది. అదే తిమింగలాలది.

తిమింగలం ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది. కాళ్లు లేకపోయినా కటి ఎముకల ముక్కలు ఒంట్లో మిగిలే ఉన్నాయి. గర్భంలోని డాల్ఫిన్ పిండానికి వెనుక కాళ్ల మొగ్గలు తొడిగి, కొద్ది వారాల్లోనే కరిగిపోతాయి. పళ్లే లేని జాతుల పిండాలకూ పంటి మొగ్గలు వస్తాయి. పంటి పింగాణీని తయారుచేయాల్సిన జన్యువు వాటి డీఎన్ఏలో చెడిపోయిన స్థితిలో ఇప్పటికీ ఉంది. ఎవరైనా తిమింగలాన్ని నేరుగా సముద్రం కోసమే రూపొందించి ఉంటే ఈ పాత సామానంతా ఎందుకు పెట్టినట్టు?

ఈ తిమింగలాల వంశానికి మన ఉపఖండమే పుట్టిల్లు. తొలి తిమింగలాల్లో ఒకటైన పాకిసీటస్ పాకిస్తాన్‌లో దొరికింది. దానికి నాలుగు కాళ్లుండేవి. తిమింగలాలకు నీటిగుర్రం (హిప్పో) దగ్గరి చుట్టమని 1990లలో డీఎన్ఏ పరీక్షలు చెబితే శిలాజాలవాళ్లు చాలామంది నమ్మలేదు. పాకిస్తాన్‌లో దొరికిన తొలి తిమింగలాల చీలమండ ఎముకల వివరాలు 2001లో వెలువడ్డాయి. వాటికి రెండు వైపులా గాడి ఉంది. అలాంటి ఎముక పంది, జింక, నీటిగుర్రం ఉన్న వర్గానికే ఉంటుంది. ఎముకా డీఎన్ఏ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ఇంటి తలుపు తట్టాయి.

ఇక మన భూవిజ్ఞాని ఎ. రంగారావు సంగతి. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఆయన శిలాజాలున్న రాళ్లు సేకరించి, 1971లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువుకు పేరు పెట్టారు. మిగిలిన రాళ్లు చాలావరకు పగలగొట్టకుండానే ఆయన పోయారు. భార్య వాటిని ఏళ్లతరబడి కాపాడి, చివరకు థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన ప్రయోగశాలలో ఒక పుర్రె చెవి భాగం పొరపాటున విరిగింది. లోపలి గోడ తిమింగలాల చెవిలో ఉన్నంత మందంగా కనిపించింది! 2007లో ఆ ఫలితం అచ్చయింది. సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఈ జంతువు తిమింగలాలకు తాత కాకపోవచ్చు, దాయాది మాత్రం అవును. గర్వపడాలంటే ఆ రాళ్లను పారేయని ఇల్లాలిని చూసి గర్వపడదాం.

అమెరికాలో ఉన్నవారికి ఇది ఇంకొంచెం దగ్గరి విషయం. పెన్సిల్వేనియాలోని డోవర్‌లో పరిణామానికి పోటీగా సృష్టివాదాన్ని కొత్త పేరుతో బడిలోకి తెచ్చే ప్రయత్నాన్ని 2005లో కోర్టు కొట్టేసింది. భారతదేశంలో 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసేస్తే మనలో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

వచ్చే సభల్లో పిల్లల క్విజ్ నుంచి “డార్విన్ కన్నా ముందే చెప్పింది ఎవరు?” లాంటి ప్రశ్నలు తీసేయాలని నా మనవి. ఈ వేసవిలో హైదరాబాద్ వెళ్లేవారు బిర్లా సైన్స్ మ్యూజియంలో ప్రాణహిత–గోదావరి లోయ నుంచి తవ్వితీసిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని పిల్లలకు చూపించండి. మన మధ్య జన్యుశాస్త్రంలో పనిచేసేవాళ్లకు ఏటా శాలువా కప్పి ఫొటో తీసి పంపేస్తున్నాం. ఈసారి వారికి మైకు ఇచ్చి, ఒక అరగంట మాట్లాడనిద్దాం.