నూనె సీసాలో పొటాష్ పోదు

స్పెయిన్‌లోని హాయెన్ ప్రావిన్స్‌లో ఆలివ్ చెట్లు ఆరు కోట్లకు పైమాటే. వాటికి సేంద్రియ ఎరువు మేలా, రసాయన ఎరువు మేలా అన్న వాదన అక్కడా తెగడం లేదు. తోట నుంచి బయటికి పోతున్నదేమిటి, అందులో తిరిగొస్తున్నదెంత అన్నది ముందు తేల్చుకోవాలన్నది నా అభిప్రాయం.

నూనె అంటే కర్బనం, ఉదజని, ఆమ్లజని. అందులో నత్రజని, పొటాష్ లేనట్టే లెక్క. కాబట్టి నూనె ఎంత అమ్మినా నేల సారం తరగదు. సారమంతా పిప్పిలో ఉండిపోతుంది. 1990ల నుంచి స్పెయిన్ మిల్లుల్లో వాడుతున్న యంత్రాలు వంద కిలోల కాయకు సుమారు ఇరవై కిలోల నూనె తీసి, ఎనభై కిలోల తడి పిప్పి వదులుతాయి. దాన్ని 'అల్పెరూహో' అంటారు. బురదలా జారే ఈ పిప్పిలో మూడింట రెండొంతులు నీరే. పచ్చిగా నేల మీద పోస్తే మొక్కలకు చేటు. ఆలివ్ ఆకులు, గొర్రెల పెంట కలిపి, మధ్యమధ్య తిరగేస్తూ నెలల తరబడి మాగబెడితే పొటాష్ దండిగా ఉన్న కంపోస్టు అవుతుంది. కాయ నేల నుంచి బాగా లాగేదీ పొటాషే. అయినా చాలాచోట్ల ఆ పిప్పిని ఆరబెట్టి, మిగిలిన కాస్త నూనె పిండుకుని, బాయిలర్లలో కాల్చేస్తున్నారు. ఆ తర్వాత రైతు పొటాష్ బస్తాలు కొంటాడు! మన ఆయిల్‌పామ్ ఖాళీ గెలల్లోనూ పొటాష్ ఎక్కువే. ఫ్యాక్టరీ నుంచి అవి ఎటు పోతున్నాయో మన రైతులూ అడగాలి.

అలాగని కంపోస్టు ఒక్కటే చాలనడం అత్యాశ. అందులోని నత్రజని మొదటి ఏడాది చెట్టుకు అందేది కొంతే. ఏటవాలు కొండల మీదికి టన్నులకొద్దీ మోయించడం కూలికి గిట్టదు. పైగా గనుల్లో తవ్విన పొటాషియం సల్ఫేట్‌ను ఐరోపా సేంద్రియ నిబంధనలే ఒప్పుకుంటాయి. బస్తాలో వచ్చిందల్లా నిషిద్ధమేమీ కాదు.

యూరియాతో వచ్చిన చిక్కు అలవాటుది. అవసరం ఉన్నా లేకున్నా ఏటా వేసేస్తారు. మోతాదు మించిన నత్రజనితో నూనెలో పాలీఫినాల్స్ తగ్గి నాణ్యత దెబ్బతింటుందని కోర్డోబా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఫెర్నాండెజ్ ఎస్కోబార్ బృందం 2006లో చూపించింది. మంచి ఆలివ్ నూనెకు ఆ చేదు, గొంతులో ఆ ఘాటు వచ్చేది వాటి వల్లే. జులైలో ఆ ఏటి కొమ్మల నడిమి ఆకులు కోసి పరీక్షకు పంపితే సంగతి తెలిసిపోతుంది. నత్రజని 1.5 నుంచి 2 శాతం మధ్య ఉంటే ఆ ఏడు యూరియా జోలికి పోనక్కర్లేదు.

ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేసేదేదో మిల్లుల పక్కన కంపోస్టు యార్డులకూ, ఈ ఆకు పరీక్షలకూ పెట్టాలి. వర్షాధారపు కొండ తోటలది మాత్రం వేరే లెక్క. నేల ఎండిపోయాక వేరు పొటాష్‌ను తీసుకోలేదు, అది కంపోస్టుదైనా బస్తాదైనా. అక్కడ ఆకుల మీద పొటాషియం నైట్రేట్ పిచికారీ చేసే రైతును తప్పుపట్టలేం.