మా నాయన యుద్ధం చేయలేదు

మా నాయన పోయి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది నన్ను ఒకే మాట అడిగారు. "మీ నాయన మిలిటరీ కదప్పా, యుద్ధంలో చేసినాడా?"

లేదు, నేవీ అని చెప్పాను. 1974లో పద్దెనిమిదేళ్లకు చేరి, 1989లో పెన్షన్ మీద వచ్చేశాడు. ఆ పదిహేనేళ్లలో ఆయన యుద్ధంలో దిగలేదు. అది విన్నాక వాళ్ల ముఖంలో ఏదో చల్లబడేది. ఒక పెద్దాయన అయితే "పోనీలే, షిప్పుల్లో తిరిగి దేశాలు చూసినాడు, అదృష్టవంతుడు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాయన ఏ దేశమూ చూడలేదు. ఆయన చూసింది ఇంజన్ రూమ్. లోనావాలాలో ఐఎన్‌ఎస్ శివాజీ అనే నేవీ శిక్షణ కేంద్రంలో ఇంజన్ల పని నేర్పించి ఓడ మీదికి పంపారు. ఆవిరితో నడిచే ఓడ. బాయిలర్ దగ్గర నిలబడితే చొక్కా తడిసి, ఆరి, ఉప్పు తేలేదట. సముద్రం మధ్యలో ఉన్నా సముద్రం కనపడదు, ఎందుకంటే ఆ గది నీటి మట్టానికి కింద ఉంటుంది. లైటు వెలగాలన్నా, పైనవాళ్లు తాగడానికి సముద్రపు నీళ్లు మంచినీళ్లు కావాలన్నా కింద ఉన్నవాళ్లు మేలుకొని ఉండాలి. నాలుగు గంటలకొక వాచ్, అంటే కాపలా డ్యూటీ. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండేది అన్నిటికన్నా కష్టమనేవాడు. నీ తర్వాతివాడు వచ్చి గేజీలన్నీ చూసుకొని, "తీసుకున్నాను" అనేదాకా నువ్వు కదలకూడదు. కళ్లు మూతలు పడుతున్నా, జ్వరం ఉన్నా అంతే.

ప్రతి ఏడాదీ డిసెంబర్ 9న నాయన పొద్దున ఏమీ తినేవాడు కాదు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో అదే రోజు డయ్యూ దగ్గర మన నేవీ ఓడ ఐఎన్‌ఎస్ ఖుక్రీ టార్పెడో తగిలి మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దానితోపాటే వెళ్లిపోయాడు. అప్పటికి నాయన ఇంకా బడిపిల్లవాడు. కానీ ఆయనకు పని నేర్పిన సీనియర్లలో ఆ యుద్ధం చూసినవాళ్లు ఉన్నారు. "దెబ్బ తగిలితే కింద ఉన్నోడు నిచ్చెన ఎక్కి బయటపడేది కష్టం రా. అది తెలిసీ దిగల్ల" అనేవాడు. అది తెలిసే ఆయన పదిహేనేళ్లు రోజూ ఆ నిచ్చెన దిగాడు. యుద్ధం రాలేదు కాబట్టి అది తక్కువ పని అయిపోతుందా? యుద్ధం వస్తే సిద్ధంగా ఉండాలని వయసంతా ఇచ్చినవాడిని ఏమని పిలవాలో మన దగ్గర మాటే లేదు. ఆర్మీ వాళ్లను చూసిన ఊళ్లు మనవి. సముద్రం మనకు దూరం. అందుకే రాయలసీమలో ఎవరు ఏ యూనిఫాం వేసినా "మిలిటరాయన" అయిపోతాడు.

నేను పుట్టిన సంగతి నాయనకు ఓడ కొచ్చిన్ చేరాక తెలిసింది. అప్పటికి నాకు పంతొమ్మిది రోజులు. ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి అని అమ్మ రాసిన ఉత్తరాలు నాలుగైదు కట్టగా అందేవట. అన్నీ ఒకేసారి చదవకుండా రోజుకొకటి చదువుకునేవాడినని చెప్పేవాడు. సెలవిస్తే గుంతకల్లులో రైలు దిగి, బస్సు పట్టుకొని కర్నూలు వచ్చేవాడు. నేను ఆయనను చూసి అమ్మ కొంగు వెనక దాక్కునేవాడినట. ఇంకా కొన్నేళ్లు ఉండమని పైవాళ్లు అడిగినా ఉండలేదు. అవ్వకు పక్షవాతం, అమ్మ ఒక్కతే, మేమిద్దరం చిన్నపిల్లలం. వచ్చినప్పటి నుంచి అవ్వ పోయేదాకా ఏడేళ్లు ఆమెకు స్నానం చేయించింది, అన్నం పెట్టింది నాయనే.

అమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు చెల్లికి జడ వేయడం నేర్చుకున్నాడు. తాళ్లు ముడివేసిన చేతులు కదా, ఆ జడ సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక జారేది కాదు. అమ్మకు నయమైనా చెల్లి నాయన దగ్గరికే పోయేది. టెన్త్ దాకా అదే.

పాతబస్తీలో ఆయిల్ ఇంజన్లు, మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మా వీధి అంతా మా మిద్దె మీదికి చేరింది. ముప్పై ఒక్క మంది. నాయన ఎదురింటి నుంచి మా మిద్దెకు తాడు కట్టి, ఒక్కొక్కరి నడుముకు జారని ముడి వేసి దాటించాడు. రాత్రి పేర్లు రాసి, మగవాళ్లకు నాలుగు గంటలకొక వాచ్ వేశాడు. నీళ్లు ఎంత పెరిగాయో గోడ మీద బొగ్గుతో గీత గీసి, తర్వాతివాడికి చూపించి అప్పగించాలి. పన్నెండు నుంచి నాలుగు మాత్రం ఆయనే ఉంచుకున్నాడు. నీళ్లు తీశాక బురద నిండిన మోటార్లు వందల్లో వచ్చాయి. విప్పి, మంచినీళ్లతో కడిగి, మిద్దె మీద ఎండబెట్టాడు. ఆ నెలంతా ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు. అమ్మ గాజులు అప్పుడు కుదువలో ఉన్నాయి. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు, ఈరోజు తెలియనీ.

ఒక్క మాట మాజీ సైనికులందరికీ చెప్పాలి. మీ పెన్షన్ కాగితాల్లో మీ భార్య పేరు, ఆధార్‌లో పేరు ఒకటిగా ఉన్నాయా చూసుకోండి. ఇంత క్రమం ఉన్న మనిషికీ అదొక్కటి తప్పిపోయింది. ఒక్క అక్షరం తేడాకు ఇప్పుడు మా అమ్మ ఒక ఆఫీసు కౌంటర్ ముందు నిలబడి, నేను ఫలానా ఆయన భార్యనే అని రుజువు చేసుకుంటోంది. నలభై మూడేళ్లు కాపురం చేసిన మనిషి. నాకు కోపం ఆగడం లేదు.

మొన్న ఆదివారం మొదటిసారి షాపు తాళం తీశాను. కోడుమూరు నుంచి ఒక రైతు వచ్చాడు. తన ఇంజన్ ఇక్కడే ఉందట, పెద్దాయన పోయిన సంగతి తెలియదు. తెలిశాక మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాయన లాగ్ బుక్ తీశాను. ఓడలో రాసినట్టే షాపులోనూ రాసేవాడు, టైముతో సహా. ఆసుపత్రిలో చేరిన రోజు పొద్దున ఏడుంబావుకు చివరిసారి రాశాడు: "కోడుమూరు ఇంజన్. విప్పినాను. హెడ్ బాగుంది. రింగులు మార్చల్ల. అడ్వాన్సు తీసుకోలేదు, మనిషి కష్టంలో ఉన్నాడు."

ఆ లైను కింద టైము వేసి, "తీసుకున్నాను" అని రాసి, సంతకం చేశాను. రింగులకు చెప్పాను, గురువారం వస్తాయి.