గరిటె పక్కన పెట్టి వెళ్లిపోయిన బాబాయ్

మన సంఘం ఉగాది వేడుక నాడు వంటగదిలో పులిహోర గిన్నె దగ్గర నిలబడింది ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాస్తే ఆయనకి ఇబ్బంది. అందుకే అందరం పిలిచినట్టే బాబాయ్ అంటాను. సేవా పురస్కారాల జాబితాలో ఆయన పేరుందని వారం ముందే మాకు చెప్పారు. ఆ రోజు పొద్దున్న తీసేశారు. లైసెన్స్ లేని ప్లంబర్‌ని స్టేజీ ఎక్కిస్తే రేపు సంఘం మీదకి వస్తుందని ఎవరో అన్నారట. అక్కడితో ఆగినా బాగుండేది. పంచాంగ శ్రవణానికీ పిల్లల డ్యాన్సులకీ మధ్య, "లైసెన్స్ లేనివాళ్లతో పైపుల పని చేయించుకోకండి" అని మైకులో చెప్పారు. బాబాయ్ గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. భోజనాలప్పుడు ఆయన ఏడని అడిగింది మా అబ్బాయి ఒక్కడే.

వాడికి గుర్తుంది మరి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయిన రెండో రాత్రి టెక్సాస్‌లోని ప్లేనోలో మా ఇంటి పైకప్పు కింది ఆటిక్‌లో పైపు పగిలింది. మావారు కోవిడ్ వల్ల ఇండియాలో ఇరుక్కుపోయారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, ఆరేళ్ల పిల్లాడు. సీలింగ్ తడిసి ముక్కలు ముక్కలుగా మంచం మీద పడుతోంది. ఏడుగురు ప్లంబర్లకి ఫోన్ చేశాను. ఎత్తిన ఇద్దరూ మూడు వారాలు పడుతుందన్నారు. చివరికి అర్ధరాత్రి బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. "ముందు ఏడుపు ఆపమ్మా. రోడ్డు పక్కన మీటరు మూత ఉంటుంది, మంచు తీసి చూడు. రెంచి పెట్టి పావు తిప్పు తిప్పు, చాలు" అన్నారు. నీళ్లు ఆగాయి. గడ్డకట్టిన చేతులతో వాకిట్లోనే కూలబడ్డాను.

మర్నాడు బాబాయ్ వాళ్ల అమ్మాయి కారు తీసుకుని వచ్చారు. షాపుల్లో పైపులు కలిపే కప్లింగ్ ఒక్కటీ దొరకని రోజుల్లో తన గరాజ్‌లో ఉన్న రెండూ తెచ్చారు. అయితే పైపు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. టార్చి పట్టుకుని, "నీ ఇల్లు, నువ్వే కొయ్యి. ఇక్కడ రూలు అదే" అన్నారు. పైపు కోసింది నేను, కప్లింగ్ నొక్కి బిగించింది నేను. టెక్సాస్ చట్టం ప్రకారం సొంత ఇంట్లో యజమాని చేసుకునే పనికి లైసెన్స్ అక్కర్లేదు. పానా పట్టడం రాని నేను చెయ్యొచ్చు. కువైట్‌లో 22 ఏళ్లు పైపులు వేసిన ఆయన చెయ్యకూడదు. ఆ రూలుకి కట్టుబడిన మనిషినే మనం మైకులో అవమానించాం. నాకు తెలిసి మనవాళ్ల ఇళ్లు పదకొండింటికి ఆ వారం ఆయన ఇలాగే దారి చెప్పారు.

లైసెన్స్ వద్దని నేను అనను. 1937 మార్చిలో ఇదే టెక్సాస్‌లో, న్యూ లండన్ ఊరి స్కూల్లో గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఖర్చు తగ్గుతుందని ఒక కంపెనీ వదిలేసే గ్యాస్ లైనుకి స్కూలు పైపు కలుపుకున్నారు. ఆ గ్యాస్‌కి వాసన లేదు. ప్లంబింగ్ లైసెన్స్ చట్టం 1947లో వచ్చింది. ఇక్కడ ఇంట్లో గ్యాస్ లైను వేసేది కూడా ప్లంబరే కాబట్టి ఆ భయం న్యాయమైనదే.

మన ఊళ్లలో ఇవేం లేవు. ప్లంబరు బండికి సంచి తగిలించుకుని గంటలో వచ్చేవారు, సంపు, మోటారు, ట్యాంకు అన్నీ ఆయనే చూసేవారు. మా నాన్నగారు ఆయనకి కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవారు. కాగితం ఎవరూ అడగలేదు. 2018లో గుంటూరులో తాగే నీళ్లలో మురుగు కలిసి జనం చనిపోయారు. అది కార్పొరేషన్ లైన్ల సంగతే. అయినా పైపుల పనిని అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో అప్పుడు నాకు అర్థమైంది. కానీ ఆ కుర్చీ, ఆ కాఫీ మనం ఇక్కడికి తెచ్చుకోలేదు.

ఇక ఖర్చు సంగతి. పరీక్ష ఫీజు పెద్ద లెక్క కాదు. ఇక్కడ జర్నీమన్, అంటే అప్రెంటిస్ దశ దాటిన ప్లంబరు, పరీక్షకి 8,000 గంటల అనుభవం చూపించాలి, అంటే సుమారు నాలుగేళ్లు. బాబాయ్ పనిచేసిన కంపెనీ మూతపడింది, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు. ఆయన 22 ఏళ్లూ సున్నా అయిపోయాయి. అలా ఎంతమందిని గుమ్మం బయట ఆపితే మనం అంత ఎక్కువ ఇచ్చుకోవాలి, అంత ఎక్కువ రోజులు ఆగాలి. ఆగలేనివాళ్లు నాలాగా చేతకాని చేతులతో చేసుకోవాలి. తుఫాను తర్వాత గవర్నరే వేరే రాష్ట్రాల ప్లంబర్లకి తాత్కాలిక అనుమతులు ఇప్పించారు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, ప్లంబర్ల లైసెన్స్ బోర్డుని కొనసాగించే బిల్లు సభలో ఆగిపోతే దాన్ని నిలబెట్టింది కూడా ఆయన ఉత్తర్వే. అవసరమైతే రూలు వంగుతుందన్నమాట. అది పని వచ్చినవాడి కోసం కూడా వంగాలి. అనుభవానికి కాగితం లేకపోతే పని చేయించి చూడండి, పరీక్ష పెట్టండి, తప్పితే పంపించెయ్యండి.

అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. మనలో బిల్డర్లున్నారు, లైసెన్స్ ఉన్న ప్లంబర్లతో రోజూ పని చేయించేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరు మాట్లాడి బాబాయ్‌ని అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేయించినా గంటల లెక్క మొదలవుతుంది. ఆయనకి 58. రోజులు వృథా చెయ్యొద్దు. పరీక్ష కోచింగ్ ఖర్చు సేవా నిధి నుంచి ఇవ్వండి. గంటల రూలు మార్చమని మన ప్రతినిధులకి రాసే ఉత్తరం నేను తయారుచేస్తాను, మీరు సంతకం పెట్టండి.

అంతకంటే ముందు ఆయన ఇంటికి వెళ్లాలి. ఉగాది తర్వాత ఆయన గుడికి కూడా రావడం లేదని పిన్నిగారు చెప్పారు. ఈ ఆదివారం పొద్దున్న నేను వెళ్తున్నాను. కార్యవర్గం నుంచి ఎవరు వస్తారో చెప్పండి, కారులో చోటుంది.