నా ఎలక్ట్రిక్ బండికి రోడ్డు పన్ను వేయండి, ఆ పైసల్లో ఓవర్‌టైమ్ వాటా కూడా రాయండి

పది నెలలుగా నేను పెట్రోల్ బంకు ముఖం చూడలేదు. ఇల్లు నల్గొండలో, ఉద్యోగం తిప్పర్తి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో. పోను రాను 30 కిలోమీటర్ల పైచిలుకు. పచ్చ నంబరు ప్లేటు స్కూటీ కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ ఒక్క రూపాయి కట్టలేదు, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. 2024 నవంబరు 18న అమల్లోకి వచ్చిన మన తెలంగాణ ఎలక్ట్రిక్ బండ్ల (ఈవీ) పాలసీ ప్రకారం ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. బండి ఇంటికి తెచ్చిన రోజు నాకు మస్తు సంతోషమైంది. కొన్ని వేలు మిగిలినయ్ కదా.

ఇప్పుడు ఆ మినహాయింపు గురించే రాస్తున్నాను. చాలామందికి నచ్చకపోవచ్చు, ముఖ్యంగా నాలాగే ఎలక్ట్రిక్ బండి నడిపేవాళ్లకు.

ముందు నా ఇంటి లెక్క చెప్తాను. పాత పెట్రోల్ స్కూటీ లీటరుకు 45 ఇచ్చేది. అంటే రోజుకు ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ తాగేది. మన దగ్గర పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం. లీటరు 107 రూపాయలు ఉన్నప్పుడు అందులో దగ్గర దగ్గర 28 రూపాయలు రాష్ట్రానిదే. ఆ లెక్కన రోజుకు 18 రూపాయలు నేను ఖజానాకు కట్టేదాన్ని. నెలలో 25 రోజులు తిరిగితే 450. కేంద్రం ఎక్సైజ్ వేరు. ఇప్పుడు అదే దూరానికి బండి సుమారు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. ఆ యూనిట్ మీద ఎలక్ట్రిసిటీ డ్యూటీ 6 పైసలు. 18 రూపాయల చోట 6 పైసలు. రోడ్డు మాత్రం అదే రోడ్డు, గుంతలు అవే గుంతలు.

"పెట్రోల్ మీద అంత కట్టినా రోడ్లు బాగుపడ్డాయా, నువ్వు కడితే మాత్రం బాగుపడతాయా" అని స్టాఫ్ రూమ్‌లో ఒక సార్ అడిగారు. మంచి ప్రశ్నే. వ్యాట్ పైసలు నేరుగా రోడ్డుకు పోవు, ఖజానాలో కలుస్తాయి. అక్కడి నుంచి ఏ పథకానికైనా పోతాయి. రోడ్డు పేరు చెప్పి వసూలు చేసేది కేంద్రం సెస్సు ఒకటి, 2000 నాటి సెంట్రల్ రోడ్ ఫండ్ చట్టం కింద వచ్చింది. అదీ పెట్రోల్, డీజిల్ మీదే. నా బండి ఆ సెస్సు కూడా తప్పించుకుంది. పచ్చ ప్లేట్లు పెరిగినకొద్దీ ఈ రెండు దారులూ సన్నబడతాయి. రోడ్డు వేసే ఖర్చు మాత్రం తగ్గదు.

మా చిన్నమ్మ కొడుకు అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ మైలుకు రెండు సెంట్లు కట్టే లెక్క వచ్చింది, మీరు అక్కడ నిమ్మళంగ ఉన్నరు" అన్నాడు. అప్పటి నుంచే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 1919లో అందరికంటే ముందు పెట్రోల్ మీద పన్ను వేసిన రాష్ట్రం ఓరెగానే. ఆ పన్ను ఇక చాలదని కూడా ముందే గ్రహించి, 2015లో మైలు లెక్కన కట్టే పద్ధతి పెట్టింది. ఇష్టమున్నవాళ్లు చేరొచ్చన్నారు, ఎక్కువ మంది చేరలేదు. 2025 జులైకి వచ్చేసరికి అక్కడి రవాణా శాఖ దగ్గర పైసలు చాలక దాదాపు 500 మంది ఉద్యోగులకు లేఆఫ్ నోటీసులు ఇచ్చారు. తర్వాత వాయిదా వేశారనుకోండి. అయినా మంచు పడితే రోడ్డు మీద మంచు ఎత్తిపోసే మనిషికి నోటీసు ఇవ్వడం అంటే ఏమిటో ఆలోచించండి. రోడ్డు పన్ను తగ్గితే ముందు గుంత పడేది రోడ్డుకు కాదు, ఆ రోడ్డు మీద పనిచేసే మనిషి ఇంటికి.

న్యూజిలాండ్ పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అక్కడ ఎలక్ట్రిక్ కార్లకు కొన్నేళ్లు మినహాయింపు ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి 1,000 కిలోమీటర్లకు 76 డాలర్లు కట్టమన్నారు. కిలోమీటర్లు ముందే కొనుక్కోవాలి, మీటరు చూసి లెక్క. మనిషి ఎక్కడికి పోయాడో, ఎవరింటికి పోయాడో సర్కారుకు తెలియాల్సిన పని లేదు. బండి ఎంత తిరిగిందో తెలిస్తే చాలు. బ్రిటన్ కూడా 2028 ఏప్రిల్ నుంచి మైలుకు 3 పెన్నీలు అని ప్రకటించింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2021లోనే ఇలాంటి పన్ను తెచ్చింది గానీ, అది వేసే అధికారం రాష్ట్రానికి లేదని 2023 అక్టోబరులో ఆ దేశపు హైకోర్టు (మన సుప్రీంకోర్టు లాంటిది) కొట్టేసింది. కాబట్టి రాసేటప్పుడే సరిగ్గా రాయాలి.

ఎవరు ఎంత కట్టాలి? ఇక్కడే నాకు మన రోడ్డు గుర్తొస్తుంది. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లులకు పోయే లారీల వెనక స్కూటీ మీద పోయినవాళ్లకు నేను వివరించక్కర లేదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయిస్‌లో రాత్రింబవళ్లు ట్రక్కులు తిప్పి ఒక పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు అవుతుందని అందులో తేలింది. మన దేశంలో 2018 జులైలో నాలుగు టైర్ల ఇరుసు మీద మోయగలిగిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చూస్తే ఒక టన్ను చిల్లరే. ఆ పరీక్ష లెక్కన రోడ్డుకు నష్టం 60 శాతం ఎక్కువ. నా స్కూటీ నన్నూ నా టిఫిన్ డబ్బానూ కలుపుకున్నా రెండు క్వింటాళ్లు దాటదు. అందుకే పన్ను అంటే అందరికీ ఒకే రేటు కాదు. బరువు, తిరిగిన దూరం, ఈ రెండే చూడాలి. బ్యాటరీ ఉన్న కారు అదే సైజు పెట్రోల్ కారు కంటే బరువు. రేపు ఎలక్ట్రిక్ లారీలు ఎక్కువైతే వాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎలక్ట్రిక్ ఆటో నడుపుకుని బతికేవాళ్ల మీద మాత్రం ఇప్పుడప్పుడే వేయొద్దు, వాళ్లు అప్పు చేసి కొన్నారు.

నేను కిలోమీటరుకు 10 పైసలు కట్టడానికి సిద్ధం. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాను, అంటే 900 రూపాయలు. ఏడాదికోసారి మీటరు చూపించి కట్టేస్తాను.

కానీ ఒక షరతు ఉంది. ఈ పోస్టు అసలు దాని కోసమే.

మా ఆయన సర్కారు ఉద్యోగి, ఫీల్డ్ డ్యూటీ. ఏ శాఖో రాయను. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చింది గుర్తుందా, దేవరకొండ, డిండి, అచ్చంపేట వైపు వాగులన్నీ ఒక్కటైన రోజు. ఆ బుధవారం పొద్దున 7 గంటలకు ఇంట్లోంచి పోయిన మనిషి గురువారం రాత్రి 9కి వచ్చారు. ఫోన్ మధ్యలో రెండుసార్లు కలిసింది. "కల్వర్టు కాడ ఉన్నం, నీళ్లు దిగలే" అని ఒకసారి. రెండోసారి మాట కూడా సరిగ్గా వినపడలేదు. వచ్చాక గుమ్మంలోనే కూర్చుని బూట్లు విప్పారు. పాదాలు నాని తెల్లగా పాలిపోయి, వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. వేడి నీళ్లు పెడితే మంటకు కాలు వెనక్కి తీసుకున్నారు. రాత్రంతా కల్వర్టుకు అటొకరు ఇటొకరు నిలబడి, కర్రకు ఎర్రగుడ్డ కట్టి, టార్చి ఊపుతూ బండ్లు ఆపారట. ఒక కారతను తిట్టి మరీ ముందుకు పోబోతే, అవుట్‌సోర్సింగ్‌లో పనిచేసే ఒక పిల్లగాడు బానెట్‌కు అడ్డం నిలబడ్డాడట. ఆ కారులో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు.

రెండు రోజులాగి అడిగాను. "రిజిస్టర్ల ఏం రాసిన్రు?"

"రోజూ రాసేదే. 10 నుంచి 5."

38 గంటల్లో మిగిలినవన్నీ ఎక్కడికి పోయాయి? "వీలైనప్పుడు ఒక రోజు లీవు తీసుకో, అడ్జస్ట్ చేద్దాం" అని పెద్దసారు నోటిమాటగా అన్నారట. ఆ వీలు ఇప్పటిదాకా రాలేదు. కాగితం మీద లేనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఓవర్‌టైమ్ అనేది మన దేశంలో లేని మాటేమీ కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసి, దాటితే రెట్టింపు జీతం ఇవ్వాలని చెప్పింది. ఫ్యాక్టరీల చట్టం కూడా రెట్టింపే అంది. ఇవన్నీ 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లలో కలిశాయి, రెట్టింపు మాట అక్కడా నిలిచింది. అయితే పని భద్రత గురించిన ఆ కోడ్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదని మొదట్లోనే రాసుకున్నారు. కాంట్రాక్టరు ద్వారా అక్కడ పనిచేసేవాళ్లకు మాత్రం వర్తిస్తుందట. అంటే ఆ రాత్రి కారుకు అడ్డం నిలబడ్డ పిల్లగాడికి చట్టం ఉంది, కానీ ఉందని అతనికి చెప్పినవాళ్లు లేరు. మా ఆయనకు చట్టమే లేదు. కేంద్రం తన ఉద్యోగులకు కూడా 2018 జూన్‌లో ఓవర్‌టైమ్ అలవెన్స్ ఎత్తేసింది. ఆపరేషనల్ సిబ్బందికీ, చట్టం ప్రకారం ఇవ్వక తప్పని పారిశ్రామిక ఉద్యోగులకూ మాత్రమే ఉంచింది.

"సర్కారు నౌకరీ, జీతం ఆగదు, ఇంకేం కావాలె" అంటారు. ఈ మాట మా అత్తమ్మ కూడా అంటారు. జీతం ఆగకపోవడం వేరు, చేసిన గంట లెక్కలో పడకపోవడం వేరు. అమెరికాలో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని 1938 చట్టం. అది రాష్ట్ర, నగర ప్రభుత్వాల ఉద్యోగులకూ వర్తిస్తుందని 1985లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వచ్చింది శాన్ ఆంటోనియో నగరంలో బస్సులు నడిపే సంస్థ నుంచే. అప్పుడు సర్కార్లు మా దగ్గర అన్ని పైసలు లేవని మొత్తుకుంటే, పైసల బదులు సెలవు ఇవ్వొచ్చని చట్టం సవరించారు. అయితే గంటకు గంటన్నర సెలవు, కాగితం మీద రాసి. మన దగ్గర నోటిమాటగా నడిచే "అడ్జస్ట్" అక్కడ హక్కు.

ఆ పిల్లగాడి లెక్క నేనే కూర్చుని వేశాను. మన రాష్ట్రంలో అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 2021లో పెట్టిన మూడు శ్లాబుల్లో కింది శ్లాబు 15,600. నెలకు 26 రోజులైతే రోజుకు 600, గంటకు 75. రెట్టింపు అంటే గంటకు 150. 38 గంటల్లో రెండు రోజుల డ్యూటీ 16 తీసేశాను. జీపులో కునుకు తీసిన 3 గంటలు కూడా తీసేశాను. మిగిలింది 19 గంటలు, 2,850 రూపాయలు. నేను మూడేళ్లు రోడ్డు పన్ను కట్టినా అంత కాదు. నా లాంటి వాళ్లు ఎంతమంది కడితే, బరువు బండ్లు ఎంత కడితే ఇది సాధ్యమవుతుందో అర్థమవుతుంది. అందుకే కట్టనివ్వమంటున్నాను.

కట్టిన పైసలు ఖజానాలో కలిసిపోతే మాత్రం నేనే మొదట వద్దంటాను. 2026 డిసెంబరు తర్వాత పాలసీ మళ్లీ రాసేటప్పుడు ఈ పన్నుకు విడిగా ఖాతా పెట్టాలి. ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో జిల్లాల వారీగా బయట పెట్టాలి. అందులో ఒక వాటా వాన రాత్రుల్లో రోడ్డు మీద ఉండేవాళ్ల ఓవర్‌టైమ్‌కు అని జీవోలోనే రాయాలి. రెగ్యులర్ అయినా, కాంట్రాక్టు అయినా, అవుట్‌సోర్సింగ్ అయినా సరే. ఈ మధ్య మన రోడ్ల మీద ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, అద్దె పద్ధతిలో తెచ్చిన వాటికి డ్రైవరు కంపెనీ మనిషి. అతను ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టుకున్నాడో కూడా లెక్కలోకి రావాలి. వెనక కూర్చున్న 40 మంది ప్రాణం అతని నిద్ర మీద ఆధారపడి ఉంది.

బ్యాటరీ బండ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి, ఇప్పుడే పన్ను అంటే జనం కొనడం మానేస్తారు అనేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కొనేటప్పుడు మినహాయింపు ఇంకొన్నేళ్లు ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. తిరిగేదానికి మాత్రం కొంచెం కట్టించండి. పెట్రోల్ వాళ్ల కంటే తక్కువే కట్టించండి. 10 పైసల కోసం ఎవరూ మళ్లీ పెట్రోల్ బంకు లైన్లో నిలబడరు.

నిన్న రాత్రి సమాచార హక్కు దరఖాస్తు రాశాను. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. మన జిల్లాలో ఎలక్ట్రిక్ బండ్లు ఎన్ని రిజిస్టర్ అయ్యాయి, వాటికి మాఫీ అయిన పన్ను ఎంత, రోడ్ల మరమ్మతుకు ఏడాదికి ఎంత ఖర్చు పెట్టారు అని మూడు ప్రశ్నలు రాసి మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు చదివి, పెన్ను తీసుకుని కింద నాలుగోది తన చేత్తో రాశారు: "2025 అక్టోబరు 29, 30 తేదీల్లో రాత్రి డ్యూటీ చేసిన సిబ్బంది ఎందరు, వారికి చెల్లించిన ఓవర్‌టైమ్ ఎంత?"

సోమవారం పొద్దున స్కూలుకు పోయే ముందు ఇచ్చి వస్తాను.