కట్ట భేష్, కొంప కొల్లేరు

పోయిన ఆదివారం ఒక పుట్టినరోజు విందులో, ఒక చేత్తో మిర్చిబజ్జీ పట్టుకుని, ఓ రియల్ ఎస్టేట్ ఏజెంటు నాకు 'ప్రమాదం' అనే మాటకు అర్థం చెప్పాడు. ఊరు కేటీ. హ్యూస్టన్‌కు పడమటి శివారు, మనవాళ్ళు ఎగబడి ఇళ్ళు కొనుక్కునే చోటు. నేను అడిగింది చిన్న ప్రశ్న. "బార్కర్ డ్యామ్‌కి ఆర్మీ ఇంజనీర్లే ఒకప్పుడు 'అత్యంత అధిక రిస్క్' అని రేటింగ్ ఇచ్చారట కదా?" ఆయన బజ్జీ కొరికి, నీళ్ళు తాగి, చాలా ఓపిగ్గా చెప్పాడు. "అన్నా, అక్కడ రిస్క్ అంటే రిస్క్ అని కాదన్నా."

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. రిస్క్ అంటే రిస్క్ కాదు సరే, మరి అన్నం అంటే అన్నమేనా? కారం అంటే కారమేనా? డాక్టరు 'అత్యంత అధిక బీపీ' అంటే నేను మాత్రలు వేసుకోవాలా, ఆవకాయ వేసుకోవాలా?

పాపం, ఆయన్ని అని లాభం లేదు. అది ఇంజనీర్ల మాటే. అమెరికా సైన్యంలో డ్యాములు చూసుకునే విభాగం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్. అది తమ డ్యాములను ఐదు తరగతులుగా విడదీస్తుంది. ఐదు మంచిది, ఒకటి అధ్వాన్నం. 2009లో హ్యూస్టన్ పక్కనున్న రెండు మట్టికట్టలకూ, అంటే బార్కర్‌కూ ఆడిక్స్‌కూ, ఒకటో తరగతి వచ్చింది. మా బంధువొకాయన ఈ సంగతి విని "ఫస్ట్ క్లాసా! ఇంకేం, కొనెయ్" అన్నాడు. చిన్నప్పటి నుంచి ర్యాంకుల మధ్య పెరిగిన జాతి మనది, ఆయన తప్పేం లేదు.

ఆ ఒకటి ఎందుకొచ్చిందో కూడా వాళ్ళు చక్కగా వివరించారు. కట్ట తెగే అవకాశాన్ని, తెగితే కింద జరిగే నష్టంతో హెచ్చవేస్తారట. కట్ట రేపో మాపో తెగుతుందని కాదు, కింద ఉన్నది హ్యూస్టన్ కాబట్టి మార్కులు అలా వచ్చాయట. అంటే అదే కట్టను, అదే ఊటతో, తూముల దగ్గర అవే లోపాలతో జనం లేని ఎడారిలో పెడితే రేటింగ్ బాగుపడుతుంది. కాబట్టి దీన్ని సరిచేయడానికి రెండు దారులు. కట్టకు మరమ్మతు చేయడం, లేదా హ్యూస్టన్‌ను కాస్త పక్కకు జరపడం. వాళ్ళు మొదటి దారే ఎంచుకుని, దాదాపు 7.5 కోట్ల డాలర్లతో కొత్త తూములు కట్టించారు. నగర ప్రజల తరఫున కృతజ్ఞతలు.

ఇంతకీ ఈ డ్యాములు చూస్తే డ్యాముల్లా ఉండవు. 1935 డిసెంబరులో బఫెలో బయూ అనే వాగు పొంగి డౌన్‌టౌన్‌ను ముంచాక, నగరానికి పడమట మట్టికట్టలు పోశారు. బార్కర్ 1945లో, ఆడిక్స్ 1948లో పూర్తయ్యాయి. ఒక్కొక్కటి పది మైళ్ళ పైన పొడవు. సాగునీరు లేదు, తాగునీరు లేదు, కరెంటు లేదు. వానొస్తే తూములు మూసి నీళ్ళు పట్టడం, వెలిశాక మెల్లగా వదలడం, అంతే పని. మిగతా రోజుల్లో లోపల సాకర్ గ్రౌండ్లు, సైకిల్ బాటలు, తుపాకులు కాల్చుకునే చోటు.

మా మిత్రుడి నాన్నగారు ఆ కట్ట మీద వాకింగ్‌కి వెళ్ళారు. ఆయన సిద్దిపేట వైపు ఊళ్ళో నీరటి కుటుంబం మనిషి. వయసులో ఉన్నప్పుడు తూము తీసిన చెయ్యి, మూసిన చెయ్యి. కట్ట మీద నిలబడి అటు చూశారు, ఇటు చూశారు, చెప్పుకాలితో మట్టి తన్ని చూశారు.

"మన ఇల్లు ఏ దిక్కు బిడ్డా?"

"అటు నాయినా, పడమటికి."

"గది చెరువు లోపలి దిక్కు గదరా?"

"చెరువు కాదు నాయినా, పార్కు."

"పార్కుకు ఇంత కట్టెందుకు పోసిన్రు? మేకలు దుంకుతయనా?"

కొడుకు నవ్వి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడు, నీరటి మాట వింటాడా?

ఆ ఇంటి గృహప్రవేశానికి 2014లో నేనూ వెళ్ళాను. కొనేముందు వాస్తు చూపించారు. సిద్ధాంతి వీడియో కాల్‌లో పడమర ఎత్తు, తూర్పు పల్లం అని తేల్చి, ఇలాంటి స్థలం నూటికొకరికి దొరకదన్నాడు. నిజమే, నేల తూర్పుకే వాలి ఉంది. తూర్పున డ్యామ్ ఉంది కాబట్టి. స్టవ్ మీద పాలు పొంగించారు, అందరం చప్పట్లు కొట్టాం. పొగకి అలారం మోగింది, పంతులుగారు మంత్రం ఆపకుండానే చేత్తో సైగ చేస్తే ఒకాయన కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకేశాడు. తర్వాత కలశంలోకి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అంటూ ఏడు నదులను పేరుపేరునా ఆహ్వానించారు. బఫెలో బయూని ఎవరూ పిలవలేదు. పక్కింటి పేరంటానికి పిలవని ముత్తైదువ లాగా అది మనసులో పెట్టుకుంది.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. పిలవకుండానే బయూ వచ్చింది.

ఇక్కడే రేటింగ్ గొప్పతనం. ఒకటో తరగతి కట్ట చెక్కు చెదరలేదు. గండి పడలేదు. చెయ్యాల్సిన పని నూటికి నూరుపాళ్ళు చేసింది, నీళ్ళు పట్టుకుంది. ఎక్కడ పట్టుకుంది? వంటింట్లో, పడగ్గదిలో, గరాజ్‌లో ఉన్న కొత్త కారులో. బార్కర్ వెనక ప్రభుత్వం కొన్న భూమి 95 అడుగుల మట్టం దాకానే. కట్ట అంతకన్నా ఎక్కువ నీళ్ళు ఆపగలదు. నీళ్ళు 101 అడుగులు దాటాయి. ఆ మధ్యలో ఉన్న నేలను మన భాషలో శిఖం భూమి అంటారు. రియల్ ఎస్టేట్ భాషలో ప్లాట్లు అంటారు. రెండు డ్యాముల శిఖంలో కలిపి 14 వేల దాకా ఇళ్ళు లేచాయి. కట్ట తెగుతుందేమోనని మార్కులు వేసినవాళ్ళున్నారు. తెగకపోతే ఎవరు మునుగుతారో ఇల్లు కొనేవాడికి చెప్పినవాడు లేడు.

చెప్పలేదని పూర్తిగా అనలేం. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ మ్యాపుల మీద సన్నక్షరాల్లో రాశారు. ఈ కాలనీ బార్కర్ జలాశయాన్ని ఆనుకుని ఉంది, 'దీర్ఘకాల నియంత్రిత ముంపు'కు గురికావచ్చు అని. నియంత్రితమట! ఎవడి నియంత్రణ? డెబ్బై ఏళ్ళ మనిషి, ఇన్సులిన్ సీసాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి నెత్తిన పెట్టుకుని, నడుం లోతు మురుగునీళ్ళలో పడవ కోసం నిలబడితే అది నియంత్రణా? మ్యాపు కౌంటీ ఆఫీసు బీరువాలో ఉంటుంది, సంతకాలు ఇంకెక్కడో జరుగుతాయి. చాలామంది ఆ వాక్యం మొదటిసారి చదివింది ఇల్లు మునిగాకే. వరద జోన్‌లో లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు అనే మాట మాత్రం అందరికీ పెద్దక్షరాల్లోనే వినపడింది. తెలిసి దాచారు. డ్యామ్ కడుపులో ఇల్లుందని తెలిసి, గ్రానైట్ కౌంటర్‌టాప్ చూపించి అమ్మారు. వాళ్ళకు ఏ తరగతి ఇవ్వాలో నాకు తెలుసు, అచ్చు వేయరు.

కట్ట కిందివాళ్ళ సంగతి వేరే. కట్టను కాపాడుకోవడానికి ఆగస్టు 27 అర్ధరాత్రి వేళ తూములెత్తారు. మామూలుగా 2 వేల క్యూసెక్కులకు మించనివ్వని చోట 13 వేలు దాటాయి. ప్రకాశం బ్యారేజీ చూసిన మనకు అదొక లెక్క కాదు. కానీ బ్యారేజీ కింద కృష్ణ ఉంటుంది, ఇక్కడ పెరళ్ళు ఉంటాయి. 2020లో ఒక జడ్జి, వరద నుంచి పూర్తి రక్షణ అనే హక్కు మీకు లేదని వాళ్ళ కేసు కొట్టేశాడు. 2022లో పైకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. కట్టకు ఎగువన, డ్యామ్ కడుపులో ఇళ్ళున్నవాళ్ళ కేసులో 2019లోనే ప్రభుత్వానిదే బాధ్యత అని తేలింది. తేలింది తీర్పే, డబ్బు ఇంకా మునిగే ఉందని బాధితుల గోల.

మా మిత్రుడు గోడలు కోసి, కొత్త కార్పెట్ వేసి, ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మునిగిన సంగతి దాచొద్దని నాన్నగారు ఫోన్‌లో గట్టిగా చెప్పారట. చూడ్డానికి మన కుర్రజంట ఒకటి వచ్చింది. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. వాళ్ళిద్దరూ శ్రద్ధగా విన్నారు. ఆ అబ్బాయి ఫోన్ తీసి, కంపాస్ తెరిచి, గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"అన్నా, ఈస్ట్ ఫేసింగ్ కరెక్ట్‌గా తొంభై డిగ్రీలేనా?"