ఒకటో తరగతి పిల్లలకు ప్రకటనల్లేని టీవీ

పిల్లల టీవీ గురించి మాట వస్తే అమెరికాలో ఉన్న మనమంతా "రోజుకి ఎంతసేపు" అన్న దగ్గరే ఆగిపోతాం. ఏం చూస్తున్నారు, మధ్యలో వాళ్ళకి ఎవరు ఏం అమ్ముతున్నారు అన్నది పెద్దగా పట్టించుకోం. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల విషయంలో నా బెంగంతా అదే.

ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ప్రకటన వెనకున్న ఉద్దేశాన్ని పోల్చుకోలేరని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2004లోనే చెప్పింది. బొమ్మల డబ్బాలు విప్పే వీడియో చూస్తున్న మా చిన్నాడితో "ఇది యాడ్ రా" అన్నాను. "కాదమ్మా, ఆ అన్న ఆడుకుంటున్నాడు, అంతే" అన్నాడు. వారం తిరక్కుండానే అదే డబ్బా కావాలని పేచీ. 1990 నాటి అమెరికా చట్టం చిల్డ్రన్స్ టెలివిజన్ యాక్ట్ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకి హద్దు పెట్టింది: గంటకి మామూలు రోజుల్లో 12 నిమిషాలు, శని ఆదివారాల్లో పదిన్నర. కానీ ఆ హద్దు టీవీకీ కేబుల్‌కీ మాత్రమే, యూట్యూబ్‌కి లేదు.

మరి ఏం చూపించాలి? నా ఓటు అమెరికా పబ్లిక్ టీవీలో పిల్లల విభాగమైన పీబీఎస్ కిడ్స్‌కే. ఆ పేరు వినగానే చాలామందికి బడికి వెళ్ళని చిన్నపిల్లల కార్టూన్ డేనియల్ టైగర్ గుర్తొస్తుంది; పిల్లలు బడిలో చేరగానే ఇక అక్కర్లేదని పక్కన పెట్టేస్తారు. బడి పిల్లల కోసం తీసినవీ అందులో ఉన్నాయి. జంతువుల గురించి వైల్డ్ క్రాట్స్, లెక్కలకి ఆడ్ స్క్వాడ్, సైబర్‌చేజ్.

నాకు బాగా నచ్చింది 2019లో మొదలైన కార్టూన్ మాలీ ఆఫ్ డెనాలి. మాలీ అలాస్కా ఆదివాసీ పిల్ల. ఒక కథలో, పాటలంటే ఇష్టమున్న తాతయ్య పాడటం ఎందుకు మానేశాడో తెలుసుకుంటుంది. చిన్నప్పుడు ఆయన్ని పంపిన బోర్డింగ్ స్కూల్లో వాళ్ళ పాటలు పాడనివ్వలేదు. ఆయన తన డప్పు స్నేహితురాలికి ఇచ్చేశాడు. మాలీ ఆ డప్పు వెతికి తెస్తుంది, తాతయ్య మళ్ళీ పాడతాడు. మన పిల్లల్ని అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి చూపించండి. ఆ తర్వాత అమ్మమ్మని ఒక పాట పాడమని మీరు అడగనక్కర్లేదు, వాళ్ళే అడుగుతారు.

కార్యక్రమం ముందూ వెనకా స్పాన్సర్ల పేర్లు వస్తాయి, నిజమే. మధ్యలో మాత్రం కథ ఆగదు. పీబీఎస్ కిడ్స్ యాప్‌కి చందా లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

అలాగని ఇదేమీ గాల్లోంచి ఊడిపడదు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ టీవీ, రేడియోలకి అంతకుముందు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లు రద్దు చేసింది. అంతకు రెండు నెలల ముందే, పిల్లల కార్యక్రమాలకి ఆసరాగా ఉన్న ప్రభుత్వ గ్రాంటు రెడీ టు లెర్న్‌నీ ఆపేశారు. ఇప్పుడు ఈ స్టేషన్లకి ప్రధానంగా దాతలే దిక్కు.

నాలుగు ఓటీటీలకి నెలనెలా డబ్బు కడుతున్నాం. మన సంఘం ఉగాది వేడుకకి సినిమా గాయకుల్ని రప్పిస్తున్నాం, రప్పిద్దాం. ఆ బడ్జెట్లోనే మన ఊరి పబ్లిక్ స్టేషన్‌కి ఒక పద్దు కలపాలి. మనలో చాలామంది పనిచేసే కంపెనీలు మ్యాచింగ్ ఇస్తాయి, అంటే మనమిచ్చినంత అవీ కలుపుతాయి కాబట్టి మనం ఇచ్చే డాలరు రెండవుతుంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. పిల్లలున్న సభ్యులు ఆ రోజు తప్పకుండా రండి.